ఆటలో ఇంటి కల్పనకు చోటు కలదా?

నియమము లేని ఆట అల్లరి. ఐతే ఆ నియమమును చేయవలసినదెవరు? అచ్చుపుస్తకమా, ఆడుచున్నవారా? మన అష్టాచెమ్మాలో ఎదుటివారి కాయ నొక్కటియైనను చంపనిదే లోపలి గడులలోనికి పోరాదని కొందరందురు; అక్కరలేదని మరికొందరందురు. గవ్వలు వేయుటకు ముందే ఆ మాట తేల్చుకొన్నచో తగవు రాదు. ఇట్టి సంగతియే పాశ్చాత్యదేశములలో బల్లచుట్టు కూర్చుండి ఆడు పాత్రధారణక్రీడల విషయమున ఐదు దశాబ్దులుగా చర్చకు వచ్చుచున్నది.

ఈ క్రీడలలో పేరెన్నికగన్నది 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను అమెరికనులు రచించిన ఈ క్రీడ 1974లో మూడు చిన్న పుస్తకములుగా వెలువడినది. ఆడువారిలో ఒకరు సూత్రధారి. గుహలను, కోటలను, రాక్షసులను వర్ణించుట అతని పని. తక్కినవారిలో ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, ఇట్లు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి, తామేమి చేయుదురో నోటితో చెప్పుదురు. ఫలము సందేహాస్పదమైనచోట పాచిక నిర్ణయించును. ఇందు ఒకరి నొకరు ఓడించుట ప్రధానము కాదు. అందరును గూడి ఒక కథను నడుపుటయే ప్రధానము.

ఇట్లుండగా ఒక ఆటగాడు తాను కల్పించిన కత్తినో, మంత్రమునో, క్రొత్త తరహా వీరునో కాగితముపై వ్రాసికొని వచ్చి, దీనితో ఆడనిండని కోరును. పుస్తకములలో లేని ఇట్టి సొంత కల్పనను వారు 'హోమ్‌బ్రూ' అందురు. ఇంట కాచిన పానీయమని ఆ మాటకు మొదటి అర్థము. దీనిని అనుమతింపవలెనా, వలదా?

పుస్తకమున లేనిది పనికిరాదనువారు ఆ పుస్తకపు పుట్టుకను తలచుకొనవలెను. గైగాక్స్, జెఫ్ పెర్రెన్ కూర్చిన 'చైన్‌మెయిల్' అను యుద్ధక్రీడా గ్రంథము 1971లో వెలువడినది. దానిని ఆధారముగా గొని, తన మిత్రులకై ఆర్నెసన్ చేసికొన్న మార్పుల నుండియే ఈ క్రీడ రూపుదిద్దుకొన్నది. నేడు అందరెరిగిన దొంగ పాత్ర మొదటి మూడు పుస్తకములలో లేనేలేదు. అది కాలిఫోర్నియాలోని కొందరు ఆటగాండ్ర ఊహ. అది గైగాక్స్ చెవిని బడగా, ఆయన దానిని తన రీతిని తీర్చి 1975లో 'గ్రేహాక్' అను అనుబంధమున చేర్చెను. ఇనుమును తుప్పుపట్టించి తిను ఒక వింతజంతువు సైతము చౌకరకపు ప్లాస్టిక్ బొమ్మను చూచి కల్పించినదే. కావున నేటి శాస్త్రము నిన్నటి ఇంటి కల్పనయే.

ఐనను రెండవ పక్షమునకును బలము లేకపోలేదు. 1974 నాటి పుస్తకముల చివర, మీరే ఊహించుకొనుడని పాఠకులను ప్రోత్సహించిన గైగాక్సే, 1979లో సూత్రధారులకై వ్రాసిన గ్రంథమున నియమములు అంతటను ఒక్క తీరుననుండుట మేలని వాదించెను. పలు ఊళ్ల వారొకచోట చేరి పోటీపడునప్పుడు ఒకే కొలబద్ద కావలెను గదా!

ఒకే బల్లవద్ద ఆడునప్పుడును చిక్కు కలదు. ఇరువది ముఖముల పాచికపై పదునొకండు గాని అంతకు మించి గాని పడినచో దెబ్బ తగులుననుకొందము. అప్పుడు ఇరువదింట పది అవకాశములు. ఒక విద్యార్థి, పడిన అంకెకు ఐదు కలుపు మాయాఖడ్గమును కల్పించి తెచ్చెను. అతని అవకాశములు పదునైదగును. అతడు మూడు దెబ్బలు కొట్టునంతలో ప్రక్కవాడు సగటున రెండే కొట్టును. ప్రతి యుద్ధమునను ఇట్లే జరిగినచో ఆ రెండవవాడు కథలో పాత్రగా గాక ప్రేక్షకుడుగా మిగులును. కల్పనవలన నష్టపోవునది పుస్తకము కాదు, తోడి ఆటగాడు. అసలు చిక్కు ఇదియే.

ఐతే అచ్చుముద్ర ఈ దోషమునకు మందు కాదు. 2014లో వెలువడిన ఐదవ కూర్పులోని 'రేంజర్' అను వనచరవీరుని పాత్ర అసంతృప్తికరముగా నున్నదని ఆటగాండ్రు పలుకగా, ప్రకాశకులే 2016లో సవరించిన రూపము నొకదానిని పరీక్షార్థము ప్రకటించిరి. తప్పు అచ్చులోను దొరలును. ఒప్పు చేతివ్రాతలోను దొరకును.

కావున ఎవరు వ్రాసిరని గాక, ఏమి చేయునని అడుగుట న్యాయము. సూత్రధారి ఆ కాగితమును ఆటకు ముందుగానే చదువవలెను. పుస్తకములోని అట్టి వస్తువుతో పోల్చి చూడవలెను. బల్లవద్ద నున్న వారందరికి వినిపింపవలెను. కొన్నాళ్లు పరీక్షింతము, మితిమీరినచో సవరింతము అని ముందే ఒడబడవలెను. ఒకరికిచ్చిన అవకాశము అందరికిని ఉండవలెను. కాదనవలసి వచ్చినచో కారణము చెప్పవలెను. కారణము చెప్పని నిరాకరణము బాలుని కలమును మూయించును. విచారణలేని అంగీకారము తక్కినవారి నోరు మూయించును.

ఉపాధ్యాయులు గమనింపదగినది ఇక్కడనే కలదు. ఇచ్చిన నియమమును పాటించుట విద్యార్థికి దినదినము నేర్పుచున్నాము. నియమమును చేయుట నేర్పు సందర్భములు అరుదు. తాను వ్రాసిన నాలుగు పంక్తులు ప్రక్కనున్నవాని వంతును తగ్గించునా, పెంచునా యని ఆలోచించి, దిద్ది, తిరిగి వ్రాసిన బాలుడు ఆ గుణము నలవరచుకొనును. తన ఖడ్గమునకున్న ఐదును తానే రెండుగా దిద్దుకొన్ననాడు అతనికి ఆట అర్థమైనట్లే.