సందేహమడిగిన తోటివారికి తోడ్పడు విధము

కంప్యూటరునకు ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొను విద్యార్థులు "నా ప్రోగ్రాము నడుచుట లేదు, ఏల?" అని తోటివారిని తఱచుగా అడుగుచుందురు. బదులు చెప్పు విధము తెలియనివాడు ఎంత చదువరియైనను అడిగినవానికి మేలు చేయజాలడు. ఈ విషయమున మన పొందూరి రాట్నము చక్కని పాఠము చెప్పగలదు.

ఇచట వాలుగచేప దవడయెముకతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, 100 నంబరు నూలు వడకుదురు. ఇంగ్లీషు లెక్కలో 100 నంబరనగా 840 గజముల చిలపలు నూఱు కలిసి ఒక్క పౌను తూగవలెను. ఆ పౌను నూలు పొడవు 47 మైళ్లకు మించును! అంత సన్నని పోగు తెగుట వింత కాదు. పురి చాలనిచో పీచు జాఱి విడిపోవును. పురి మీఱినచో మెలికపడి తెగును. ఏకులో ఉండ మిగిలినను, కదురు వంగినను, వేసవిగాలికి పత్తి మిక్కిలి యెండినను తెగును. కావున క్రొత్తగా వడకు పిల్ల "పోగు తెగుచున్నది పిన్నీ" అన్నప్పుడు, చూడకయే "ఇంకను పురి పెట్టవే" అనుట ప్రమాదము. పురి మీఱినదానికి ఆ మాట కీడే చేయును. తెగిన కొనలను చూడవలెను. అవి కుచ్చువలె విడి సన్నగిలిన పురి తక్కువ; ముడుచుకొని బిగిసియున్న పురి యెక్కువ.

ప్రోగ్రామునకు తెగిన కొన యేది? కంప్యూటరు చూపిన దోషవాక్యము. దానిని ఉన్నదున్నట్లు చూపుమని మొదట అడుగవలెను. పిమ్మట, దోషము మాత్రము నిలిచియుండునట్లుగా తక్కిన పంక్తులను ఒక్కొక్కటే తీసివేయుమనవలెను. ఇట్లు తగ్గించుచుండగా అడిగినవానికే కారణము దొరకుట మేము పలుమాఱులు చూచితిమి. ఆండ్రూ హంటు, డేవిడ్ తామసు అనువారు 1999లో ప్రకటించిన పుస్తకమున, రబ్బరు బాతునకు తన ప్రోగ్రామును వివరించుచు తప్పు కనుగొను పద్ధతిని చెప్పిరి. నవ్వు వచ్చును గాని, నోరు మెదపక వినుటలో ఆ బాతును మించిన ఉపాధ్యాయులు కొందఱే.

మఱియు, అడిగిన ప్రశ్న వెనుక వేఱొకటి దాగియుండును. "ఫైలు పేరులో కడపటి మూడక్షరములు తీయుట యెట్లు?" అని యొకడడుగును. వానికి వలసినది ఫైలు ఏ జాతిదో తెలిసికొనుట. దానిని తెలుపు తోక నాలుగక్షరములదియు కావచ్చును. "దీనితో నేమి చేయదలచితివి?" అను చిన్న ప్రశ్న వాని పూటంత శ్రమను తప్పించును.

"ఇంత సులభమైనది తెలియదా?" అని మాత్రము అనరాదు. ఆ మాట విన్నవాడు మఱల నడుగడు. తెలియనిది తెలియనట్లే దాచుకొని, పరీక్షనాడు బయటపడును. కుఱ్ఱవాని మీటలపలకను లాగికొని తానే వ్రాసియిచ్చుటయు నట్టిదే. నేర్పరియైన వడకుకత్తె రాట్నమును లాగికొనదు. పిల్ల ప్రక్కన కూర్చుండి, ఏకు పట్టిన దాని వ్రేళ్లపై తన వ్రేళ్లుంచి, పోగు సాగునంతవఱకు పట్టుకొని, మెల్లగా వదలును. మఱునాడు చిలప ఎంతవఱకు వచ్చినదో అడుగును.