ఆగిన మిషను, ఆపిన మిషను

పాడి ఉన్న ఇంట్లో తెల్లవారగానే మొదటి పని పశువుల మేత. జొన్న చొప్ప గానీ, నేపియర్ గడ్డి గానీ నిలువు కట్టగా వేస్తే బర్రె ఏం చేస్తుంది? ఆకులు తింటుంది. గట్టి కాడలు వదిలేస్తుంది. కొంత కాళ్ళ కింద వేసి తొక్కుతుంది. అదే గడ్డిని అంగుళం, రెండంగుళాల ముక్కలు చేసి వేస్తే కాడతో సహా తింటుంది. మేత వృథా కాదు.

పూర్వం చొప్పను మొద్దు మీద పెట్టి కత్తితో నరికేవాళ్ళు. చేతులు బొబ్బలెక్కేవి. ఇప్పుడు చాలా ఇళ్ళలో గడ్డి కోసే మిషను ఉంది. దీన్నే చాఫ్ కట్టరు అంటారు. చేత్తో తిప్పేవి ఉన్నాయి. కరెంటుతో నడిచేవి ఉన్నాయి. గంట పని పావుగంటలో అవుతుంది. ఆడవాళ్ళకు ఎంతో శ్రమ తగ్గింది.

అయితే మిషనుకు గడ్డికాడ ఏదో, మనిషి వేలు ఏదో తెలియదు. ఆ తేడా తెలుసుకోవలసింది మనిషే.

మిషను ఎట్లా కోస్తుంది?

గడ్డి మిషనులో నాలుగు భాగాలు ముఖ్యం.

ఒకటి, గడ్డి పెట్టే దోనె. కట్టను దీనిలో పెట్టి ముందుకు నెడతారు.

రెండు, పళ్ళున్న రెండు రోలర్లు. ఒకటి పైన, ఒకటి కింద ఉంటాయి. ఇవి గడ్డిని పట్టుకుని లోపలికి లాక్కుంటాయి.

మూడు, పెద్ద చక్రం. చాలా మిషన్లలో ఈ చక్రానికి రెండు కత్తులు బిగించి ఉంటాయి. చక్రం తిరిగినప్పుడల్లా ఈ కత్తులు గడ్డిని కోస్తాయి.

నాలుగు, మోటారు, బెల్టు. ఇవి చక్రాన్ని తిప్పుతాయి.

కత్తులు ప్రమాదం అని అందరికీ తెలుసు. రోలర్ల సంగతి చాలామందికి తెలియదు. కత్తి దగ్గరకు ఎవరూ కావాలని చేయి పెట్టరు. రోలర్లే చేతిని కత్తి దగ్గరకు తీసుకుపోతాయి. వేలి కొస దొరికితే చాలు, అరచేయి వస్తుంది. గాజు దొరికినా, కొంగు దొరికినా అంతే.

కొత్త రకం చిన్న మిషన్లలో కత్తులు డబ్బా లోపల ఉంటాయి. పైకి కనపడవు. కనపడనంత మాత్రాన లేనట్టు కాదు. చాలావాటిలో కత్తులు ఇంకా వేగంగా తిరుగుతాయి.

ఒక చిన్న లెక్క

ఒక మిషను చక్రం నిమిషానికి 300 సార్లు తిరుగుతుందనుకుందాం. నిమిషానికి 60 సెకండ్లు. 300ను 60తో భాగిస్తే 5. అంటే చక్రం సెకండుకు 5 సార్లు తిరుగుతుంది.

చక్రానికి కత్తులు 2. కాబట్టి సెకండుకు 10 కోతలు.

ఒక్కో కోతకు గడ్డి ఒక అంగుళం లోపలికి పోతుంది. అంటే సెకండుకు 10 అంగుళాలు.

మూర అంటే 18 అంగుళాలు. మోచేతి నుంచి వేలి కొస దాకా ఉండే కొలత. ఈ లెక్కన మూర పొడవు లోపలికి పోవడానికి రెండు సెకండ్లు కూడా పట్టదు. "అయ్యో" అని కేక వేసి, ఇంట్లో ఉన్న మనిషి పరుగెత్తుకొచ్చి స్విచ్చి ఆపేలోపు జరగవలసింది జరిగిపోతుంది.

అందుకే ప్రమాదం వచ్చాక ఆపుదాం అనుకుంటే కుదరదు. రాకుండానే చూసుకోవాలి.

కరెంటు పోయినప్పుడు ఏం చేయాలి?

గడ్డి కోస్తుండగా కరెంటు పోయింది. రోలర్ల మధ్య గడ్డి ఇరుక్కుని ఉంది. అప్పుడు ఇంట్లో ఇట్లాంటి మాటలు వినపడతాయి.

"అత్తా, మిషను ఆగింది. ఇరుక్కున్న గడ్డి తీసేస్తాను."

"ఉండమ్మా. స్విచ్చి ఆపావా?"

"కరెంటే లేదు కదత్తా?"

"లేదు కాబట్టే ఆపాలి. నువ్వు చేయి పెట్టినప్పుడు వస్తే?"

అత్త మాట నిజం. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. స్విచ్చి వేసి ఉంటే, కరెంటు వచ్చిన క్షణంలోనే మిషను తిరుగుతుంది. ముందుగా చెప్పదు.

అందుకే ఆగిన మిషను వేరు, ఆపిన మిషను వేరు. దానంతట అది ఆగితే నమ్మకూడదు. మనం ఆపితేనే నమ్మాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. స్విచ్చి ఆపగానే చక్రం ఆగదు. అది బరువైన ఇనుప చక్రం. తిరిగిన ఊపులో ఇంకా కాసేపు తిరుగుతూనే ఉంటుంది. మోటారు చప్పుడు ఆగింది కదా అని చేయి పెట్టకూడదు. చక్రం పూర్తిగా నిలిచిందని కంటితో చూడాలి. ప్లగ్గు పీకాలి. ఆ తర్వాతే ఇరుక్కున్న గడ్డి తీయాలి. అప్పుడు కూడా కర్రతో తీయడం మేలు. చక్రాన్ని చేత్తో కదిపినా కత్తి తెగుతుంది.

పని మొదలుపెట్టే ముందు

కొంగు నడుముకు గట్టిగా దోపుకోవాలి. జడ ముడి వేసుకోవాలి. చున్నీ, మెడలో తువ్వాలు తీసి పక్కన పెట్టాలి. పొలం పనికి చీర మీద చొక్కా వేసుకునే అలవాటు ఉంటే మంచిదే. కానీ చొక్కా చేతులు మోచేతి పైకి మడిచి బిగించుకోవాలి.

గాజులు, చేతి దారాలు తీసి పెడితే మంచిది. గాజులు తీయడం అశుభం అని కొందరు అంటారు. కనీసం వాటిని మోచేతి వైపు ఎగదోసుకోవాలి. మణికట్టు దగ్గర వదులుగా ఆడకూడదు.

నేల పొడిగా ఉండాలి. పేడ, నీళ్ళు ఉంటే కాలు జారుతుంది. జారిన మనిషి చేయి ఎటు పోతుందో తెలియదు. తడి చేత్తో స్విచ్చి ముట్టుకోకూడదు. కాళ్ళకు చెప్పులు ఉండాలి.

కొన్ని ఇళ్ళలో ప్లగ్గు ఉండదు. వైర్లను సాకెట్టులో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చుతారు. ఇది చాలా ప్రమాదం. మూడు పిన్నుల ప్లగ్గు ఉండాలి. మిషనుకు ఎర్త్ వైరు ఉండాలి. ఎర్త్ లేకపోతే మిషను ఇనుములోకి కరెంటు దిగినప్పుడు ముట్టుకున్న మనిషికి షాకు కొడుతుంది.

గడ్డి కట్టను విప్పి చూడాలి. రాయి, ఇనుప తీగ, మేకు ఉంటే తీసేయాలి. అవి కత్తికి తగిలి ఎగిరి కంట్లో పడవచ్చు. తీగ ముక్క పశువు కడుపులోకి పోతే దాని ప్రాణానికి ముప్పు.

గడ్డి పెట్టేటప్పుడు

కట్టను వెనక వైపు పట్టుకోవాలి. చేతికీ రోలర్లకూ మధ్య కనీసం ఒక మూర దూరం ఉండాలి. కట్ట అయిపోతూ చిన్న ముక్క మిగిలితే దాన్ని చేత్తో నెట్టకూడదు. చాలా ప్రమాదాలకు ఆ చివరి గుప్పెడు గడ్డే కారణం. తర్వాతి కట్టతో నెట్టాలి. లేదా కర్రతో నెట్టాలి. కర్ర ఎప్పుడూ మిషను పక్కనే ఉండాలి. కర్ర పోతే ఇంకోటి వస్తుంది.

లావు కట్ట ఒకేసారి పెట్టకూడదు. పెడితే ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే చేయి పెట్టాలనిపిస్తుంది. కత్తులు మొద్దుబారినా ఇదే తిప్పలు. కాబట్టి కత్తులు పదునుగా ఉండాలి. వాటి బోల్టులు బిగువుగా ఉండాలి. పదును పెట్టేటప్పుడు ప్లగ్గు పీకి, చక్రం కదలకుండా చెక్క అడ్డం పెట్టుకోవాలి.

చీకట్లో కోయకూడదు. నిద్రమత్తులో కోయకూడదు. పాలకేంద్రానికి ఆలస్యమవుతోందని తొందరపడకూడదు. మాటల్లో పడి మిషను వైపు చూడకుండా గడ్డి పెట్టకూడదు. ఒకరు గడ్డి పెడుతుంటే ఇంకొకరు స్విచ్చి దగ్గర ఉండటం మంచిది.

పిల్లల సంగతి

చేత్తో తిప్పే మిషను పిల్లలకు ఆటబొమ్మలాగా కనపడుతుంది. ఒకరు చక్రం తిప్పుతారు. ఇంకొకరు ఆకులు పెడతారు. పెద్దవాళ్ళు పొలంలో ఉంటారు. వేళ్ళు తెగేది అప్పుడే. కరెంటు లేని మిషనే కదా అని వదిలేయకూడదు.

పని అయిపోగానే చక్రానికి గొలుసు వేసి తాళం పెట్టాలి. కత్తుల మీద కవరు వేయాలి. కరెంటు మిషను అయితే ప్లగ్గు పీకి వైరు పైన కట్టాలి.

కొనేటప్పుడు అడగవలసినవి

దోనె పొడవుగా ఉందా? చేయి చాపినా రోలర్లు అందకూడదు. రోలర్ల మీద మూత ఉందా? కత్తులకు, బెల్టుకు రేకు కవరు ఉందా? రోలర్లను ఆపే, వెనక్కి తిప్పే గేరు ఉందా? స్విచ్చి నిలబడిన చోటికి అందుతుందా?

కవరు అడ్డంగా ఉందని కొందరు విప్పి పారేస్తారు. అది చేతిని కాపాడేది. విప్పకూడదు.

మిషన్ల వల్ల ఇన్ని చేతులు పోతుంటే ప్రభుత్వం ఊరుకుందా? పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. ముఖ్యంగా పొలాల్లో వాడే నూర్పిడి మిషన్ల కోసం దాన్ని తెచ్చారు. చట్టం ఉన్నా ఇంట్లో మిషను దగ్గర ఉండేది ఆ ఇంటి మనిషే.

ఇంకో మాట. దుకాణంలో మిషను నడపడం ఎవరికి చూపిస్తారు? మగవాళ్ళకు. రోజూ గడ్డి కోసేది ఎవరు? చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు. కాబట్టి కొనే రోజు ఆమె కూడా వెళ్ళాలి. స్విచ్చి, గేరు, బోల్టులు ఆమె స్వయంగా చూసి నేర్చుకోవాలి.

ప్రమాదం జరిగితే

మొదట కరెంటు ఆపాలి. చేయి రోలర్లలో ఇరుక్కుంటే గుంజకూడదు. గుంజితే గాయం పెద్దదవుతుంది. పై రోలరు బోల్టులు వదులు చేసి, దాన్ని పైకెత్తి చేయి తీయాలి.

రక్తం కారే చోట శుభ్రమైన బట్ట పెట్టి గట్టిగా అదిమి పట్టాలి. చేయి పైకెత్తి ఉంచాలి. పసుపు, కాఫీ పొడి, సున్నం, కిరసనాయిలు పెట్టకూడదు.

వేలు తెగిపడితే పారేయకూడదు. శుభ్రమైన తడిబట్టలో చుట్టాలి. ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టాలి. ఆ సంచిని ఐసు వేసిన నీళ్ళ గిన్నెలో ఉంచాలి. వేలిని నేరుగా ఐసు మీద పెట్టకూడదు, నీళ్ళలో వేయకూడదు. త్వరగా పెద్దాసుపత్రికి తీసుకుపోతే కొన్నిసార్లు డాక్టర్లు తిరిగి అతికించగలరు.

వెంటనే 108కి ఫోను చేయాలి. మన దగ్గర ఈ అంబులెన్సు 2005లో మొదలైంది. డబ్బు కట్టనక్కర లేదు. ధనుర్వాతం రాకుండా సూది మందు వేయించాలి.

గోడ మీద రాసుకోండి

మిషను స్విచ్చి మీద ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. పక్కన గోడ మీద ఎర్ర రంగుతో పెద్ద అక్షరాల్లో ఇట్లా రాయండి:

1. ఆపు.
2. ప్లగ్గు పీకు.
3. చక్రం నిలవనివ్వు.
4. అప్పుడు కర్ర పెట్టు.

ఇంట్లో చదువు రానివాళ్ళకు చదివి వినిపించండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

మీ ఇంటి మిషనుకు ఏ కవర్లు ఉన్నాయి? ఏవి లేవు?
కరెంటు పోయినప్పుడు స్విచ్చి ఎందుకు ఆపాలి?
చివరి గుప్పెడు గడ్డిని మీ ఇంట్లో ఎట్లా నెడుతున్నారు?
పని అయ్యాక చక్రానికి తాళం వేసేది ఎవరు?