మీకు తెలుసా? నెలసరి నొప్పికి నాట్యమూ ఊరటే!

నెలసరి వేళ గర్భాశయపు లోపొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి. వాటి ప్రభావంతో అక్కడి కండరాలు గట్టిగా బిగుసుకుంటాయి. రక్తప్రసరణ తగ్గి పొత్తికడుపులో నొప్పి మొదలవుతుంది.

వ్యాయామంతో ఈ బాధ తగ్గే అవకాశం ఉందని 2019లో కాక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్ష తేల్చింది. వారానికి కనీసం మూడుసార్లు, 45 నుంచి 60 నిమిషాలు చేయాలి. యోగా వంటి తేలికపాటి కసరత్తులే కాదు, జుంబా నృత్యమూ ఆ సమీక్ష పరిశీలించిన వ్యాయామాల్లో ఉంది.

ఒక్కరోజు ఆడితే చాలదు, నెలంతా కొనసాగించాలి. కోలాటమైనా సినిమా పాటకు స్టెప్పులైనా సరే, ఒళ్లు కదలాలి. నొప్పి భరించలేనంతగా ఉన్నా, నెలనెలా పెరుగుతున్నా ఓర్చుకోకండి. వెంటనే స్త్రీవైద్య నిపుణులను కలవండి.