బిడ్డ పాదానికి తగిన బూటు



పొలం పనులు ముగిసి దీపాలు పెట్టే వేళకు మన పల్లెల్లో ఒక సందడి వినబడుతుంది. బడి ఆవరణలోనో, పంచాయతీ ఆఫీసు ప్రక్కనున్న ఖాళీ స్థలంలోనో, మందిరం వెనుక గచ్చు మీదనో రెండు గుంజలు పాతి, వల కట్టి, పిల్లలు షటిల్ ఆడుతూ ఉంటారు. పూర్వం మన ఊళ్లలో పసుపుపచ్చని ఉన్ని బంతితో బాల్ బ్యాడ్మింటన్ ఎక్కువగా ఆడేవారు. ఇప్పుడు చాలా చోట్ల షటిల్ ఆ స్థానం తీసుకున్నది. దానికి కారణం లేకపోలేదు. అప్పటి ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ మోకాలికి శస్త్రచికిత్సలు జరిగిన తరువాత కూడా 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. హైదరాబాదు అమ్మాయి పి.వి. సింధు 2016లో రియో ఒలింపిక్స్‌లో రజతం, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. 2022లో థామస్ కప్ గెలిచిన మన దేశపు జట్టులో అమలాపురం కుర్రవాడు సాత్విక్ సాయిరాజ్ ఉన్నాడు. మన బిడ్డలకు ఆశ కలగడం సహజమే గదా!

ఆశ మంచిదే. అయితే ఆ ఆశతో పరుగెత్తే బిడ్డ కాళ్లకు ఏమున్నదో మనం ఎంతమందిమి చూస్తున్నాము? మేము చూడలేదు. అందువలన జరిగిన నష్టం మీకు జరగకూడదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మేము చేసిన పొరపాటు

మా సంఘంలో ఒక తల్లి ఉన్నది. భర్త లేడు. మిరప కోతలకు, కలుపు తీతకు వెళ్లి ఇద్దరు పిల్లలను పోషించుకుంటున్నది. పెద్దపిల్ల ఎనిమిదవ తరగతి చదువుతూ ఉండగా మండల స్థాయి ఆటల పోటీలకు బడి తరఫున షటిల్‌లో ఎంపికైంది. ఆ పిల్ల అంతవరకు వట్టి కాళ్లతోనే ఆడేది. ఆ సంగతి తెలిసి మేమూ, సంఘ పెద్దలూ కలిసి తొమ్మిది వందల రూపాయలు పోగుచేసి, పట్నం వెళ్లి బూట్లు కొనుక్కొచ్చాము.

మంచి పని చేశామనుకున్నాము. కాని పిల్లను వెంట తీసుకుపోలేదు. "ఎదిగే పిల్ల గదా" అని ఒక సైజు ఎక్కువ తీసుకున్నాము. దుకాణంలో కనబడినవాటిలో మెత్తగా, మడమ క్రింద ఎత్తుగా, మెరుస్తూ ఉన్న జత ఏరుకున్నాము. అవి పరుగు కొరకు చేసిన బూట్లని మాకు తెలియదు.

మూడవ రోజు సాయంకాలం ఆ పిల్ల ప్రక్కకు దూకి కాక్ అందుకోబోయింది. ఎత్తైన ఆ అడుగుభాగం ఒరిగి, వదులైన బూటులో పాదం జారి, చీలమండ బెణికింది. మూడు వారాలు కాలు సరిగా నేల మీద మోపలేకపోయింది. పోటీలు దాటిపోయినవి. పిల్లను చూడబోయినప్పుడు ఆ తల్లి మమ్మును నిందించలేదు. ఒకే మాట అన్నది: "అయ్యగారూ, వట్టి కాళ్లతో ఆడినన్నాళ్లూ పిల్ల పడలేదండీ."

ఆ మాట మమ్మును నిద్రపోనివ్వలేదు. మరునాడే బడిలో డ్రిల్లు మాస్టారి దగ్గరకు వెళ్లి, ఆ బూట్లు ఆయన ముందు పెట్టి, "మా తప్పేమిటో చెప్పండి" అని అడిగాము.

ఆటను బట్టి బూటు

ఆయన చెప్పిన మొదటి సంగతి ఇది. పరుగెత్తేవాడు ముందుకే పోతాడు గనుక అతని బూటు మడమ క్రింద ఎత్తుగా, మెత్తగా ఉంటుంది. షటిల్ ఆడేవారు ముందుకు, వెనుకకు, రెండు ప్రక్కలకు కదులుతారు. పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు ఉండే కోర్టులో తమ సగంలోనే ఆడినా, క్షణానికొకసారి ఆగి, తిరిగి, దూకవలసి ఉంటుంది. అటువంటప్పుడు పాదం నేలకు దగ్గరగా ఉండాలి. బూటు అడుగుభాగం ఎత్తైతే, ఎత్తు పీట మీద నిలబడి ప్రక్కకు వంగినట్లే. చీలమండ బయటి వైపుకు మడతపడే ప్రమాదం ఎక్కువవుతుంది.

గనుక షటిల్‌కు కావలసిన బూటు తక్కువ ఎత్తుగా, ప్రక్కలు గట్టిగా, మడమ దగ్గర బిగువుగా ఉండాలి. బొటనవ్రేలి లోపలి ప్రక్క అదనపు పొర ఉంటే మరీ మంచిది. ఏలయనగా ముందుకు పెద్ద అంగ వేసినప్పుడు వెనుక కాలి బొటనవ్రేలి ప్రక్క నేలకు రాసుకుంటుంది. బూటు ముందుగా చిరిగేది అక్కడే.

దుకాణంలో చేయవలసిన పరీక్షలు

వీటికి డబ్బు అక్కరలేదు, చేతులు చాలును.

మొదటిది, బూటును రెండు చేతులతో వంచి చూడండి. వ్రేళ్లు వంగే చోట వంగితే మంచిది. నడిమికి మడతపడితే వద్దు.

రెండవది, తడిగుడ్డ పిండినట్లు మెలిత్రిప్పి చూడండి. కొంచెం బిగువు చూపాలి. గుడ్డవలె తిరిగిపోతే అది పాదానికి ఆధారమివ్వదు.

మూడవది, మడమ వెనుక భాగాన్ని బొటనవ్రేలితో నొక్కండి. లోపలికి సొట్టపోకూడదు.

నాలుగవది, అడుగుభాగాన్ని గోటితో నొక్కండి. మంచి రబ్బరైతే కొంచెం లొంగుతుంది. దుకాణంలోని నున్నని గచ్చు మీద రుద్దితే పట్టుకుంటుంది. గట్టి ప్లాస్టిక్ అయితే జారిపోతుంది. జారే బూటు ఎంత చవకైనా వద్దు.

ఇక కొలత విషయం. బిడ్డను తప్పక వెంట తీసుకువెళ్లండి. నడిచి, ఆడిన పాదం సాయంకాలానికి కొంచెం ఉబ్బుతుంది గనుక సాయంకాలమే కొనండి. ఆటకు వేసుకునే మందపాటి నూలు మేజోళ్లతోనే తొడిగించండి. రెండు కాళ్లకూ తొడిగించి నిలబెట్టండి. చాలామందికి ఒక పాదం కొంచెం పెద్దదిగా ఉంటుంది, ఆ పెద్ద పాదానికి సరిపోయేదే తీసుకోవాలి. అన్నిటికంటె పొడవైన వ్రేలికి, బూటు కొసకు మధ్య ఒక బొటనవ్రేలి వెడల్పు ఖాళీ చాలు. ఎదిగే పిల్లకైనా అంతే. అంతకు మించితే పాదం లోపల జారుతుంది, గోళ్లు నల్లబడతాయి, మాకు జరిగిన నష్టమే జరుగుతుంది. తరువాత పిల్లను దుకాణంలోనే రెండు ప్రక్కలకు గంతులు వేయమనండి. సిగ్గుపడనక్కరలేదు.

బిడ్డకు చదును పాదమేమోనని అనుమానముంటే, కాలు తడిపి పొడి గచ్చు మీద అడుగు వేయించండి. లోపలి వైపు వంపు కనబడకుండా పాదమంతా అచ్చు పడితే, అరికాలి వంపు క్రింద కొంచెం ఎత్తుగల లోపలి అట్ట ఉన్న బూటు చూడండి. ఆ అట్టలు విడిగా కూడా దొరుకుతాయి.

ఖరీదు ఎంత?

నివియా వంటి మన దేశపు కంపెనీల షటిల్ బూట్లు ఇప్పుడు సుమారు రూ. 1,000 నుండి 1,500 వరకు దొరుకుతున్నాయి. యోనెక్స్, లి-నింగ్, విక్టర్ వంటివాటిలో తక్కువ రకాలు సుమారు రూ. 2,000 నుండి మొదలవుతాయి. బడి స్థాయిలో ఆడే బిడ్డకు మొదటి రకం చాలును. పేరు కంటె పైన చెప్పిన పరీక్షలు ముఖ్యము. పెద్ద కంపెనీ పేరు వేసి సగం ధరకు అమ్మే నకిలీ బూట్ల జోలికి పోకండి. వేరొకరు వాడి అరగదీసిన బూట్లు కూడా వద్దు. అవి ఆ మనిషి నడకను బట్టి ఒరిగిపోయి ఉంటాయి.

ఇంకొక మాట. షటిల్ బూట్ల మెత్తని రబ్బరు చెక్క నేలకు, సింథటిక్ మ్యాట్‌కు తగినది. గరుకు సిమెంటు మీద అది త్వరగా అరిగిపోతుంది. మట్టి మీద దుమ్ము పట్టి జారుతుంది. గనుక మీ ఊరిలో సిమెంటు కోర్టే ఉంటే, గట్టి రబ్బరు అడుగు గల టెన్నిస్ రకం బూట్లు మేలు. అవీ ఎత్తు తక్కువగా, ప్రక్కలు గట్టిగా ఉంటాయి.

ఎక్కువ కాలం మన్నడానికి

ఆట బూట్లను ఆటకే ఉంచండి. సంతకు, పెండ్లికి వేసుకుపోనివ్వకండి. ఆటకు ముందు అడుగుభాగాన్ని తడిగుడ్డతో తుడవాలి. తడిసినప్పుడు ఎండలో పెడితే జిగురు విడిపోతుంది. లోపలి అట్ట తీసి, పాత వార్తాపత్రిక కుక్కి, నీడలో గాలికి ఆరబెట్టండి. కొత్తవి కొన్నప్పుడే చెప్పులు కుట్టేవారి చేత చుట్టూ కుట్టు వేయిస్తే చాలా కాలం ఊడకుండా ఉంటుంది. తాడు చివరి రంధ్రం వరకు ఎక్కించి బిగించాలి. విప్పకుండా మడమతో త్రొక్కి తీసే అలవాటు మాన్పించండి, దానివలన వెనుక భాగం పాడవుతుంది. అడుగున గీతలు నున్నబడినా, మడమ సొట్టపోయినా, ఇక ఆ జత ఆటకు పనికిరాదు.

కాలు బెణికితే

ఆట వెంటనే ఆపించండి. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు పెట్టి తీయండి. కొన్ని గంటలకొకసారి మళ్లీ పెట్టవచ్చును. గుడ్డపట్టీ మరీ బిగించకుండా చుట్టి, కాలు దిండు మీద ఎత్తి ఉంచండి. మొదటి రెండు రోజులు వేడి కాపడం, గట్టిగా తోమించడం వద్దు. వాపు పెరుగుతుంది. బిడ్డ నాలుగు అడుగులైనా వేయలేకపోతే, లేదా చీలమండ ఎముక మీద నొక్కితే బాధపడితే, ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లి ఎక్స్‌రే తీయించండి.

మరల ఆ పిల్ల సంగతి

తరువాతి సంవత్సరం మేము మరల బూట్లు కొనిపెడతామన్నాము. ఆ తల్లి ఒప్పుకొనలేదు. "సగం నేను పెడతానండీ. నా పిల్ల కాళ్లు గదా" అన్నది. మిరప కోతల కూలిలో దాచి ఆమె ఆరు వందలు తెచ్చింది. తల్లీ కూతుళ్లనూ, డ్రిల్లు మాస్టారినీ వెంటబెట్టుకొని వెళ్లాము. ఈసారి మేము ఏదీ ఏరలేదు. పిల్ల నాలుగు జతలు తొడిగి, దుకాణంలో అటు ఇటు గంతులు వేసి, అయిదవ జత తీసుకున్నది. రూ. 1,150 అయినవి. అవి మెరిసేవి కావు.

ఆ పిల్ల మండల పోటీలలో ఒక ఆట గెలిచి, రెండవ ఆటలో ఓడిపోయింది. ఆ సాయంకాలం బస్సు దిగి, బూట్లు రెండూ తాళ్లతో కలిపి మెడలో వేసుకొని, చెప్పులతో నడుచుకుంటూ ఇంటికి వచ్చింది. తల్లి వాకిట్లో నిలబడి, మొదట పిల్ల కాళ్ల వైపే చూచింది. తరువాతనే "గెలిచావా?" అని అడిగింది.

తలిదండ్రులారా, మనమును ఆ వరుసలోనే చూద్దాము.