పోగు తెగినచోటనే అతుకు

తుంగభద్ర ఒడ్డుననున్న రాజోలి వీధులలో నడచువారి చెవిని మొట్టమొదట తాకునది మగ్గపు చప్పుడు. కృష్ణా తుంగభద్రల నడుమనుండుటచే నడిగడ్డ యని పేరుగాంచిన సీమలో, నేటి జోగుళాంబ గద్వాల జిల్లాలో, గద్వాల చీరలు నేయు ఊళ్ళలో రాజోలి యొకటి. చీర నడిమి భాగమును నూలుతోను, అంచును కొంగును పట్టుతోను నేసి ఒక్క వస్త్రముగా కూర్చుట ఈ నేతలోని సంప్రదాయము. నూలు సాగు తీరు వేరు, పట్టు సాగు తీరు వేరు. ఆ రెండును కలియుచోట నేతగాని కన్ను క్షణమైనను ఏమరరాదు. పోగు తెగినచో, చీర ముగిసిన పిమ్మట చూచుకొందమని అతడు ఊరకుండడు. వెంటనే మగ్గము నాపి, తెగిన కొసలు వెదకి పట్టుకొని, అక్కడికక్కడే అతుకును.

పోగు విషయమున ఇంత మెలకువ చూపు మనుష్యుడు తన మేని విషయమున మాత్రము ఆ నియమమును మరచుట వింతగా తోచును. నడుము నొచ్చినచో పండుగ వెళ్ళనిమ్మనును. కన్ను మండినచో ఈ చీర దిగనిమ్మనును.

గుంటమగ్గపు పని చూచినవారికి ఆ శ్రమ తెలియును. నేలలో త్రవ్విన గుంటలోనికి కాళ్ళు దించి, గట్టుపై కూర్చుండి, పాదములతో తొక్కుడు చెక్కలను త్రొక్కుచు, చేతులతో నాడె నడుపవలెను. నడుము ముందునకు వంగియుండును, మెడ వాలియుండును, చూపు ఎదుటి పోగులను విడువదు. నడుమునొప్పి, మెడనొప్పి, మోకాళ్ళ నొప్పులు, కన్నుల బడలిక చేనేతవారిలో తరచుగా కనబడుటకు ఇదియే హేతువు. మగ్గము చాటున మరియొక శ్రమ కలదు. ఇంటి ఆడువారు కండెలు చుట్టి అందించుదురు. ఆ పని నడుమనే పొయ్యి, నీళ్ళు, బిడ్డలు. ఆ తల్లి నడుమునొప్పిని అడుగువారు ఇంటిలోనే అరుదు.

పనికిని రోగమునకును గల సంబంధమును పెద్దలు ఎన్నడో గుర్తించిరి. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని 1700 లో వృత్తులవలన కలుగు వ్యాధులను గూర్చి ప్రత్యేకముగా ఒక గ్రంథము ప్రకటించెను. రోగి చేయు పని యేమో కూడ వైద్యుడు అడిగి తెలిసికొనవలెనని బోధించినవాడు ఆయనయే. కూర్చుండి పనిచేయువారు సెలవు దినములందైనను దేహమునకు వ్యాయామము కల్పింపవలెనని ఆయన హితవు. మన దేశమున వాగ్భటుని అష్టాంగహృదయమున సూత్రస్థానము రెండవ అధ్యాయమునకు దినచర్య యనియే పేరు. వేకువనే లేచుట, పండ్లు తోముకొనుట, ఒడలికి నూనె పట్టించుట, వ్యాయామము, స్నానము అందు క్రమముగా చెప్పబడినవి. ఔషధములకంటె ముందు దినచర్యను నిలిపిన ఆ పెద్దల దృష్టి గమనింపదగినది.

అయినను, ప్రతిదినమును ఒక గంట వ్యాయామము చేయుమని నేతగానికి చెప్పుట సులభము, ఆచరించుట కష్టము. అతని కూలి నేసిన చీరనుబట్టి వచ్చునే గాని కూర్చున్న గంటలనుబట్టి రాదు. లేచిన ప్రతి నిమిషమును నష్టముగానే తోచును. కాబట్టి క్రొత్త వేళను వెదకుటకంటె, ఉన్న పనిలోనే చోటు చూచుకొనుట మేలు. కండె అయిపోయినప్పుడు చేయి ఎట్లును ఆగును. ఆ ఆగినప్పుడే తల యెత్తి, వాకిలి వెలుపలనున్న వేపచెట్టునో, దూరపు గోడనో కొంతసేపు చూచినచో కన్నులకు విశ్రాంతి. ప్రతి 20 నిమిషములకు ఒకమారు, 20 అడుగుల దూరమునకు, 20 సెకండ్లపాటు చూపు నిలుపుమని కంటివైద్యులు చెప్పునది ఇట్టిదే. నాలుగైదు కండెలకు ఒకసారి గుంటనుండి లేచి, నడుము చక్కజేసి, భుజములు త్రిప్పి, ప్రక్కనున్న చెంబులోని నీరు త్రాగుటకు పట్టునది రెండు నిమిషములు. నడిగడ్డ ఎండలలో ఆ చెంబు మగ్గపు సామగ్రిలో ఒకటి కావలెను. ప్రొద్దుగ్రుంకిన తరువాత భార్యాభర్తలిద్దరును కొంతదూరము నడచివచ్చినచో, కూర్చుండి పట్టుకుపోయిన కాళ్ళు సాగును. ఆమెకు ఆ కాస్తసేపైనను పొయ్యినుండి విడుదల కలుగును. పెద్దవారికి వారమునకు కనీసము 150 నిమిషముల ఓ మోస్తరు శ్రమ వలయునని, ఎంత కొంచెమైనను మేలేయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 లో ప్రకటించినది. దినమునకు పంచుకొన్నచో అది అరగంట కూడ కాదు.

అలవాటు ఒక్కనాటితో కుదురదు. లండనులోని విశ్వవిద్యాలయ పరిశోధకులు 96 మందిని పరిశీలించి 2010 లో ప్రకటించిన ఫలితములు ఇచ్చట జ్ఞాపకము చేసికొనదగినవి. దినమూ జరుగు ఒక పనికి జోడించి చిన్న అలవాటు నొకదానిని ఆచరింపుమని వారు కోరిరి. అది అప్రయత్నముగా జరుగుటకు సుమారు 66 దినములు పట్టునని, మనిషినిబట్టి 18 మొదలు 254 దినముల వరకు మారునని అంచనా కట్టిరి. నడుమ ఒకనాడు తప్పినంతమాత్రమున పెద్ద నష్టము లేదని కూడ వారు కనుగొనిరి. ఈ చివరి మాట నేతగానికి బాగుగా అర్థమగును. ఒక పోగు తెగినదని పడుగంతయు పారవేయువాడు లేడు గదా!

ఈ చిన్న అలవాట్లతోనే సర్వమును చక్కబడునని చెప్పుట మాత్రము సత్యము కాదు. విడువని నొప్పికిని, కాళ్ళ తిమ్మిరికిని, తగ్గిన చూపునకును వైద్యుడే దిక్కు. కూలి గిట్టుబాటు కానిచో, విశ్రాంతి తీసికొమ్మను హితవు ఎగతాళిగా వినబడును. న్యాయమైన ధరయు, నడుమునకు శ్రమ తగ్గించు పనిముట్లును నేతగానికి సమకూర్చుట సంఘము బాధ్యత. కాని అవి వచ్చునందాక మేను ఆగియుండదు.

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలిని ముంచెత్తినది. ఇండ్లు కూలినవి, మగ్గములు పాడైనవి. అంతటి విపత్తు తరువాతను రాజోలిలో నేత ఆగలేదు. మగ్గములు మరల నిలచినవి. మగ్గము చెడినచో క్రొత్త కొయ్యతో మరల నిలుపుకొనవచ్చును. దానిపై కూర్చుండు నడుమునకును, పోగును పోల్చు కన్నునకును మారు లేదు. చీరలో తెగిన పోగును చూచినంతనే ఆగు చేయి, మేనిలో తెగుచున్న పోగును చూచియు ఒక్క క్షణము ఆగిన చాలును.