పెరటి కొబ్బరిని పీడించే నల్లతల శలభం: ఆత్రేయపురం నేపథ్యంలో జీవనియంత్రణ పరిశీలన

వ్యాససంగ్రహం: కొబ్బరి ఆకును తినే నల్లతల గొంగళిపురుగు దక్షిణాసియాకు చెందిన ఒక శలభపు పిల్లదశ. మనకు పాత చీడ అయిన ఈ శలభం ఆగ్నేయాసియాలో ఆక్రమణ కీటకంగా మారింది. ఈ తేడాకు కారణమైన సహజశత్రువులను పెరటి చెట్లలో నిలుపుకొనే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కొబ్బరి, నల్లతల గొంగళిపురుగు, బదనికలు, జీవనియంత్రణ, ఆత్రేయపురం, కోనసీమ.

ఉపోద్ఘాతం

గోదావరి గౌతమీ వశిష్ఠ పాయలుగా విడివడే చోటుకు చేరువలో ఉన్న ఆత్రేయపురం మండలంలో కొబ్బరిచెట్టు తోటల్లోనే కాక ఇళ్ల పెరళ్లలోనూ పెరుగుతుంది. కాయ అమ్మకానికి, నీరు దాహానికి, ఈనె చీపురుకు, మట్ట పొయ్యికి పనికివస్తాయి. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఇక్కడి పూతరేకుల తయారీలో బోర్లించిన కుండ కింద మండేది కూడా ఎండిన కొబ్బరాకే. కాబట్టి ఆకును ఆశించే చీడ ఈ ఊళ్లలో కాయ దిగుబడినే కాక ఇంటి పనులనూ తాకుతుంది.

ఆకుపై పురుగు కనిపించగానే దానిని ‘విదేశీ పురుగు’ అనడం ఇటీవల అలవాటైంది. ఏది పరాయిదో, ఏది మనదో తేల్చుకోకుండా నియంత్రణ పద్ధతిని ఎంచుకోవడం కష్టం.

శలభం, దాని జీవితచక్రం

ఒపిసినా అరెనోసెల్లా అనే శాస్త్రీయనామం గల ఈ శలభం బూడిదరంగులో ఉండి రాత్రివేళ సంచరిస్తుంది. చెట్టుకు హాని చేసేది రెక్కల పురుగు కాదు, దాని గొంగళిదశ. తల్లి శలభం కింది వరుసల ముదురాకుల అడుగున నూరుకు పైగా గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి వెలువడిన నల్లతల గొంగళి పట్టుదారాలతో, తన విసర్జనతో సొరంగంవంటి గూడు అల్లుకొని, అందులో దాగి ఆకుపచ్చని పదార్థాన్ని గీరి తింటుంది. గొంగళిదశ సుమారు 40 రోజులు, కోశదశ 12 రోజులు. మొత్తం మీద రెండు నెలలలో ఒక తరం పూర్తవుతుంది. ఉద్ధృతి ఎక్కువైన తోట దూరానికి నిప్పు సెగ తగిలినట్లు కనిపిస్తుంది. కాయపై ప్రభావం వెంటనే తెలియదు. తీవ్రంగా దెబ్బతిన్న చెట్లలో మరుసటి ఏడాది దిగుబడి 45 శాతం వరకు తగ్గినట్లు పరిశోధనలు నమోదు చేశాయి.

ఈ పురుగు వేసవిలో పెరిగి, వానలు పడ్డాక తగ్గుతుంది. ఆ తగ్గుదల చూసి అప్పటికి చల్లిన మందే పనిచేసిందని అనుకోవడం తరచూ జరిగే పొరపాటు.

పుట్టిన చోట, పోయిన చోట

2008 ప్రాంతంలో ఈ శలభం థాయిలాండులోని ప్రచువాప్ ఖిరీ ఖాన్ రాష్ట్రపు కొబ్బరితోటలలో కనిపించింది. 2013లో చైనాలోని హైనాన్ ద్వీపంలో బయటపడింది. మన తీరంలో శతాబ్దకాలంగా ఎరిగిన పురుగే అక్కడ ఆక్రమణ కీటకం అయింది. చెట్టు అదే, పురుగూ అదే. అక్కడ లేనివి దాని సహజశత్రువులు. ఈ సంగతి గ్రహించిన థాయిలాండు వ్యవసాయశాఖ 2012లో శ్రీలంక నుంచి గోనియోజస్ నెఫాంటిడిస్ అనే చిన్న కందిరీగజాతి బదనికను తెప్పించి పెంచింది.

ఇందుకు విపర్యయమైన అనుభవం కోనసీమకు సర్పిలాకార తెల్లదోమ వల్ల కలిగింది. పేరులో దోమ ఉన్నా ఇది దోమా కాదు, శలభమూ కాదు. పేనుబంకకు దగ్గరి చుట్టం. మధ్య అమెరికా ప్రాంతానికి చెందిన ఈ కీటకం 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో బయటపడి, ఆ ఏడాది చివరికే గోదావరి కవతల కడియం నర్సరీల ప్రాంతంలో కనిపించింది. అక్కడి నుంచి కొబ్బరి, అరటి, జామ చెట్లకు వ్యాపించి, తేనెబంకతో, దానిపై పెరిగే మసితెగులుతో ఆకులను నల్లబరచింది. దానిని అదుపులోకి తేవడంలో ముఖ్యపాత్ర వహించినవి ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే బదనిక, ఐసేరియా ఫ్యూమోసోరోసియా అనే శిలీంధ్రం. ఆ బదనికను బతకనివ్వడానికే పురుగుమందుల వాడకం ఆపమని శాస్త్రజ్ఞులు కోరారు.

బదనికల విడుదల: కాలం తప్పితే ఫలితం లేదు

నల్లతల శలభం విషయంలో మన స్థితి థాయిలాండు కంటె మెరుగు. గోనియోజస్ ఇక్కడిదే. బ్రాకాన్, ఎలాస్మస్, బ్రాకీమేరియా వంటి తోటి బదనికలూ ఉన్నాయి. అయితే వేసవిలో శలభం పెరిగే వేగాన్ని అవి వెంటనే అందుకోలేవు. ఆ లోటు పూడ్చడానికే ప్రయోగశాలలో వాటిని పెంచి విడుదల చేయడం. కోనసీమలో ఈ పనికి కేంద్రం డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందిన అంబాజీపేట ఉద్యాన పరిశోధనస్థానం. అక్కడ బదనికలను పెంచేది కోర్సైరా అనే మరొక శలభపు గొంగళులపై. నిలువచేసిన బియ్యాన్ని, నూకలను పాడుచేసేది అదే. ఒక శలభాన్ని అణచేందుకు మరొక శలభాన్ని మేపవలసి రావడం చమత్కారంగానే ఉంటుంది.

తల్లి గోనియోజస్ సొరంగంలోకి దూరి ఎదిగిన గొంగళిని కుట్టి చచ్చుబరుస్తుంది. దాని ఒంటిపై గుడ్లు పెట్టి, పిల్లలు ఎదిగే దాకా కావలి కాస్తుంది. కీటకాలలో ఇంతటి మాతృసంరక్షణ అరుదు. కాని మరీ చిన్న గొంగళి దానికి పనికిరాదు. గుడ్డు, కోశం అసలే పనికిరావు. ఈ శలభపు తరాలు చాలాచోట్ల ఒకదానితో ఒకటి కలిసిపోకుండా విడివిడిగా సాగుతాయి. అంటే ఒక సమయంలో ఆ తోటలో ఉన్నవన్నీ ఇంచుమించు ఒకే దశలో ఉంటాయి. శ్రీలంక తోటలపై జరిగిన అధ్యయనాలు ఈ విషయాన్ని స్పష్టపరచాయి. ఊరంతా కోశాలే ఉన్న వారంలో గోనియోజస్‌ను వదిలితే అవి ఆతిథేయి దొరకక నశిస్తాయి. బదనికలు పనిచేయలేదన్న ఫిర్యాదును విన్నప్పుడు ముందుగా విడుదల చేసిన తేదీని అడగడం మంచిది.

కాబట్టి విడుదలకు ముందు కింది మట్ట ఒకటి కోయించి, ఆకులు తిరగవేసి, సొరంగాలు చీల్చి చూడాలి. దింపు కార్మికుడు చెట్టెక్కిన రోజే ఈ పని చేస్తే వేరే ఖర్చు ఉండదు. ఎదిగిన గొంగళులు కనిపిస్తే గోనియోజస్‌ను చెట్టుకు సుమారు 20 చొప్పున వదలవచ్చు. కోశాలే అధికంగా ఉంటే బ్రాకీమేరియా తగినది. శలభానికి పెరటి గోడలు అడ్డు కావు గనుక ఒక ఇంట వదిలి పక్క ఇంట మానితే ప్రయోజనం స్వల్పం. వీధి మొత్తం ఒకే వారంలో వదలాలి.

పురుగుమందు, పెరటి పరిస్థితి

పూర్వం ఈ పురుగుకు వేరు ద్వారా మోనోక్రోటోఫాస్ ఎక్కించమనేవారు. మందు పెట్టిన తరువాత 45 రోజులు కాయ కోయకూడదన్నది నియమం. తోటలో అది సాధ్యమే. పెరట్లో జ్వరం వచ్చిన పిల్లవాడికి బొండం కావలసి వస్తే ఎవరు లెక్క పెట్టుకొని కూర్చుంటారు? 2023 నాటి కేంద్రప్రభుత్వ ఉత్తర్వు ఆ మందు 36 శాతం ద్రవరూపాన్ని నిషేధిత జాబితాలో చేర్చింది. ఇక పిచికారీ అంటే ఎత్తైన చెట్టుపై కొట్టిన మందు కింద నూతిలో, పశువుల పాకపై, ఆరవేసిన బట్టలపై పడుతుంది. సొరంగంలో దాగిన గొంగళికంటె బయట తిరిగే బదనికకే ముందు తగులుతుంది.

సోకిన ఆకును కోసి కాల్చడం పాత పద్ధతి, నేటికీ చెల్లుతుంది. అయితే అడుగు వరుసలోని బాగా ఎండిన రెండు మూడు మట్టలకే దీనిని పరిమితం చేయాలి. పచ్చి మట్టలు నరికితే పురుగు చేసే నష్టాన్ని మనమే చేసినట్లవుతుంది. ఆత్రేయపురంలో ఈ మట్టలు ఎలాగూ పూతరేకుల పొయ్యికి చేరతాయి. చిక్కు నిలువచేయడంలో ఉంది. సోకిన ఆకును మోపులు కట్టి చూరు కింద రెండు వారాలు ఉంచితే కోశాల నుంచి శలభాలు వెలువడి తిరిగి చెట్టెక్కుతాయి. తెచ్చిన మోపులో సోకిన ఆకును వేరుచేసి ఆ వారంలోనే పొయ్యికి వాడి, శుభ్రమైన దానిని నిలువకు ఉంచడం మేలు. కాల్చేముందు ఆకును చీల్చి చూసినప్పుడు గొంగళిపై అంటుకొని బదనిక పిల్లలు గాని, వాటి చిన్న పట్టుగూళ్లు గాని కనిపిస్తే, ఆ ఆకును మాత్రం చెట్టు మొదట్లోనే వదలివేయాలి.