పచ్చబొట్టు: దండనాంకము, స్వీయాంకము

తెలుగున బొట్టు పెట్టుదురు, బొట్టు దిద్దుదురు. పచ్చబొట్టు మాత్రము పొడుతురు. సూదితో చర్మమును పొడిచి మసి నింపుటయే యా పని గాన క్రియ సార్థకమైనది. ఈ ధాతువునకు మూడు రూపములు వ్యవహారమున గలవు. పనివారు పొడుతురు. బిడ్డకు తల్లియు, నేరస్థునకు ప్రభువును పొడిపింతురు. తనకై తాను కోరి చేయించుకొనునపుడు పొడిపించుకొనుట యందురు. ఈ తుదిరూపమున చేరిన 'కొను' అను అనుప్రయోగము క్రియాఫలము కర్తకే చెందునని తెల్పును. పచ్చబొట్టు చరిత్రలోని సారమంతయు ఈ రెండవ మూడవ రూపముల భేదమునందే యిమిడియున్నదని చెప్పవచ్చును. స్వలింగప్రియులును, పుట్టుకనాడు నిర్ణయింపబడిన లింగముకంటె వేరగు లింగమును తమదిగా నెరిగినవారును ఇరువదవ శతాబ్దిలో ఈ గుర్తును గైకొన్న తీరు దీనికి తగిన నిదర్శనము.

మసి నల్లనిది, బొట్టు పచ్చనిదేల? మసి చర్మపు పైపొరలో గాక దాని యడుగుపొరలో చేరును. పైనున్న చర్మమున కాంతి చెదరుటవలన నలుపు కంటికి నీలముగనో, పచ్చగనో తోచును. పైపొర నిత్యము రాలిపోవుచుండినను అడుగుపొర రాలదు. అచ్చటి రక్షకకణములు రంగురేణువులను మ్రింగి నిలుపుకొనును. ఒక కణము నశించినపుడు వెలువడిన రేణువులను మరియొక కణము గ్రహించునని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు చుంచెలుకలపై జరిపిన పరిశోధనలవలన 2018లో వెల్లడియైనది. పరాయి వస్తువును వెలివేయ నుద్యమించిన దేహమే దానిని తరతరముల కణములచేత కాపాడించుచున్నదన్నమాట. ఇట్లు చెరగనిదగుటచేతనే ప్రభువులకు ఈ గుర్తుపై మక్కువ కలిగెను.

మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున మహాపాతకులకు లలాటాంకములు విధింపబడినవి. సురాపానమునకు సురాధ్వజము, చౌర్యమునకు కుక్కపాదము. వ్యాఖ్యాతల మతమున అవి కాల్చిన లోహముతో వేయునవి గాని సూదితో పొడుచునవి కావు; ఉద్దేశము మాత్ర మొక్కటియే. గ్రీకులు పారిపోయి చిక్కిన బానిసలకు పచ్చబొట్లు పొడిపించిరి. 'పొడుచుట' యను అర్థముగల ధాతువునుండి వారి భాషలో పుట్టిన 'స్టిగ్మా' శబ్దము నేడు ఇంగ్లీషున కళంకమను నర్థమున వాడుకలో నున్నది. సూదిగాయము మాని, మాట మాత్రము మానకుండుటకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకదు.

భరతఖండమున ఇంగ్లీషు కంపెనీవారు 1797లో వంగరాష్ట్రమున యావజ్జీవశిక్ష పడినవారి నొసట వారి నేరమును పచ్చబొట్టుగా పొడిపించు నిబంధన చేసిరి. 'గోదనా' యను దేశ్యపదమే ఆ శిక్షకు పేరయ్యెను. 1849లో ఆ పద్ధతి రద్దయ్యెను. అంతవరకు ఆ ముద్రితులు తలపాగను నొసటిమీదికి దింపి చుట్టుకొని అక్షరములను దాచుకొనుచుండిరి. ఈ తలపాగను చదువరులు గుర్తుంచుకొనవలెను. ఇట్టి మరుగే వేరొక దేశమున వేరొక కారణమున మరల కానవచ్చును.

రాజదండముతో నిమిత్తము లేని పచ్చబొట్టు మన పల్లెలలో నెప్పటినుండియో కలదు. సోదె చెప్పుచు ఊరూర తిరుగు ఎరుకల స్త్రీలు ఆడువారి ముంజేతులకును గడ్డమునకును చుక్కలు, ముగ్గులు, తేళ్లు పొడుచుచుండిరి. కట్టిన చీర, పెట్టిన సొమ్ము ఇచ్చటనే నిలిచిపోవును, పచ్చబొట్టొక్కటియే వెంట వచ్చునని పెద్దలు చెప్పుదురు. దీనియందు సౌందర్యమును కలదు, ఆప్యాయమును కలదు. అయినను ఇది పిల్లకు తెలివి రాకమునుపే ఆమెను ఆడుదానినిగా గుర్తించు ఆచారమనుట మరువరాదు. గాజులవలె, కుట్టిన ముక్కువలె ఇదియు స్త్రీత్వమునకు లోకము వేసిన సంతకము. దీనిని దండనతో సమముగా లెక్కించుట యన్యాయము. స్వేచ్ఛగా లెక్కించుట అంతకంటె యన్యాయము. ఇది పొడిపించుటయే గాని పొడిపించుకొనుట కాదు.

సూది లేకయు గుర్తు వేయవచ్చును. గోదనా రద్దయిన ఇరువదిరెండేండ్లకు, 1871లో వచ్చిన క్రిమినల్ ట్రైబ్సు ఆక్టు రెండవ భాగమున 'యూనక్కు' లనబడువారి పేర్ల పట్టిక వ్రాయవలసినదని శాసింపబడెను. హిజ్రాలే దానికి ముఖ్యలక్ష్యము. పట్టికకెక్కినవారు ఆడువేషమున వీథిలో కనబడినయెడల శిక్షార్హులైరి. నైజాము రాజ్యమున 1329 ఫసలీలో, అనగా 1919లో, ఇట్టి శాసనమే పుట్టినది. హైదరాబాదులో పట్టిక, చీర కట్టినను, సొమ్ములు పెట్టినను, వీథిలో ఆడినను పాడినను వారంటు లేకయే నిర్బంధము, రెండేండ్లవరకు కారాగారము. అమరసింహుడు 'తృతీయాప్రకృతి' యని నామలింగములలో చేర్చిన వారిని రాజ్యము నేరస్థుల చిట్టాలో చేర్చినది. నైజాము పోయెను, రాష్ట్రముల పేర్లు మారెను, శాసనము మాత్రము నిలిచియుండెను. ట్రాన్స్‌జెండరు ఉద్యమకారులు 2018లో వేసిన దావాపై 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినది. ఎవరి లింగమును వారే నిర్ణయించుకొను హక్కును 2014 ఏప్రిలులో సుప్రీముకోర్టు గుర్తించియుండుట ఆ తీర్పునకు బలమిచ్చినది.

పరులు వేసిన గుర్తు ధరించినవారి చేతిలో నెట్లు మారునో చూపుటకు జర్మనీ కథయే ముఖ్యాధారము. అచ్చటి శిక్షాస్మృతిలోని 175వ నిబంధన 1871నుండి పురుషుల స్వలింగసంగమమును నేరముగా నెంచినది. నాజీలు 1935లో దానిని మరింత కఠినము చేసిరి. వారి కాలమున రమారమి యేబదివేలమందికి దానిక్రింద శిక్షలు పడెను. వారిలో అయిదువేలనుండి పదునైదువేలవరకు నిర్బంధశిబిరముల పాలైరని చరిత్రకారుల యంచనా. శిబిరములలో ఒక్కొక్క తరగతి ఖైదీకి ఒక్కొక్క రంగు ముక్కోణపు గుడ్డపేలిక. వీరికి గులాబిరంగు, కొన క్రిందికి. ఇచ్చట నొక భ్రమను తొలగింపవలసియున్నది. ముంజేతిపై సంఖ్యను పచ్చబొట్టుగా పొడుచుట ఔష్విట్జు శిబిరసముదాయమున మాత్రమే జరిగినది. గులాబి ముక్కోణము చొక్కాకు కుట్టిన గుడ్డ. దానిని నాజీలు ఎవ్వరి చర్మమునను పొడువలేదు. అది చర్మమునకెక్కినది తరువాతికాలమున, స్వేచ్ఛగా.

యుద్ధము ముగిసినను ముక్కోణమువారికి విముక్తి పూర్ణముగా లభింపలేదు. 175వ నిబంధన పోలేదు. కొందరు శిబిరములనుండి వెలువడియు మరల చెరసాలకేగిరి. నిబంధన సంపూర్ణముగా తొలగినది 1994లో. అందుచేత ఇతర బాధితులవలె వీరు తమ గాథ చెప్పుకొనజాలకపోయిరి. 1972లో హైంజ్ హేగర్ అను మారుపేరున వెలువడిన యొక జర్మను గ్రంథము ఆ మౌనమును భేదించినది. వియన్నా నగరవాసి యోసెఫ్ కోహౌట్ అనుభవము దానికి మూలము. ఆతడు 1939లో పట్టుబడి జాక్సన్‌హౌజెన్, ఫ్లోసెన్‌బ్యుర్గ్ శిబిరములలో యుద్ధాంతమువరకు మ్రగ్గెను. ఆతని గులాబి పేలిక వాషింగ్టను నగరపు హోలోకాస్టు స్మారకప్రదర్శనశాలలో భద్రముగా నున్నది.

ఆ గ్రంథము వెలువడిన దశకముననే పశ్చిమ బెర్లినులోని స్వలింగప్రియ యువకులు ఆ ముక్కోణమును తామై ధరింప మొదలిడిరి. 1987లో, ఎయిడ్సు వ్యాధి విజృంభించి ప్రభుత్వము మిన్నకున్న వేళ, న్యూయార్కు గోడలపై ఆ గుర్తు మరల కనబడినది. ఈమారు కొన పైకి. క్రింద 'మౌనము మరణముతో సమానము' అను నర్థముగల రెండు మాటలు. ఆక్ట్ అప్ అను ఉద్యమసంఘము దానిని తన ధ్వజముగా స్వీకరించినది. అటుపిమ్మట అనేకులు దానిని భుజమునను, మణికట్టునను పచ్చబొట్టుగా పొడిపించుకొనిరి.

చచ్చినవారి అవమానచిహ్నమును బ్రదికినవారు అలంకారముగా ధరించుట తగునా యను ఆక్షేపము తేలికగా త్రోసివేయదగినది కాదు. శిబిరములో దానిని మోసినవాడు దానిని కోరలేదు; విప్పి పారవేయుటయే ఆతని కోరిక. దీనికి సమాధానము గుడ్డకును చర్మమునకును గల భేదమునందే దొరకును. గుడ్డను రాజ్యము కుట్టినది, రాజ్యమే విప్పగలదు. చర్మమున పొడిపించుకొన్నవాడు తనకు తప్పించుకొను త్రోవ లేకుండ చేసికొని, ఆ ఖైదీల పంక్తిలో తానై నిలిచినాడు. వాడుక అతివేలమై ఆ గుర్తు సంతలో నగవలె అమ్ముడుపోవునపుడు మాత్రము ఆక్షేపమునకు బలము తిరిగివచ్చును. ఆ చిక్కు లేని గుర్తు గ్రీకు లాంబ్డా అక్షరము. 1970లో న్యూయార్కు సంఘమొకటి దానిని ఎన్నుకొనగా, 1974లో ఎడింబరోలో కూడిన అంతర్జాతీయసభ దానిని అంగీకరించినది. అది నిష్కళంకమే, కాని దానికి స్మృతి లేదు. ముక్కోణమంత బలముగా నిలువకపోవుట యాశ్చర్యము కాదు.

ఉద్యమములు పుట్టకమునుపే పచ్చబొట్టును ఆశ్రయించినవారును గలరు. అమెరికాలోని బఫలో నగరమున స్త్రీలను ప్రేమించు శ్రామికస్త్రీలు మణికట్టుపై చిన్న నీలినక్షత్రమును పొడిపించుకొనిరి. ఎలిజబెత్ లాపోవ్‌స్కీ కెనడీ, మాడలిన్ డేవిస్ అను నిరువురు విదుషీమణులు ఆ నగరపు వృద్ధస్త్రీల నోటిమాటల నాధారముగా గొని 1993లో ప్రకటించిన చరిత్రగ్రంథమున ఈ వృత్తాంతము నమోదైనది. నక్షత్రమునకు స్థానము చేతిగడియారము క్రింద. పనిచోట గడియారము దానిని కప్పును; చెలుల నడుమ గడియారము జరిపిన చాలును. వంగదేశపు ఖైదీ తలపాగ క్రింద దాచినది రాజ్యము వ్రాసిన మాట. ఈ స్త్రీ గడియారము క్రింద దాచినది తాను వ్రాయించుకొన్న మాట. మొదటిది మాసిపోవలెనని దాచుట, రెండవది మాసిపోకుండుటకై దాచుట.

సూది పట్టినవారిలో శామ్యూల్ స్టీవర్డు కథ అధ్యాపకులకు ఆసక్తి కలిగింపకపోదు. 1909లో ఒహాయో రాష్ట్రమున జన్మించి, ఆంగ్లసాహిత్యమున డాక్టరు పట్టము పొంది, చికాగోలో ఆచార్యుడుగా నుండెను. గెర్ట్రూడ్ స్టెయిన్ రచయిత్రికి స్నేహితుడు. స్వలింగప్రియుడు, కళాశాలలో ఆ సంగతి దాచవలసిన కాలమది. 1950వ దశకమున ఆయన ఫిల్ స్పారో అను మారుపేరుతో చికాగో వీథిలో పచ్చబొట్ల అంగడి నడిపెను. కొంతకాలము పగలు పాఠము, తక్కినవేళల సూది. తుదకు 1956లో ఆచార్యపదవి పోయెను, సూది నిలిచెను. అంగడికి వచ్చు నావికులు, దుండగులు, యువకులు ఏ బొమ్మ నేల కోరుచున్నారో దినచర్యగా వ్రాయుమని కామశాస్త్రపరిశోధకుడు ఆల్‌ఫ్రెడ్ కిన్సీ ఆయనను ప్రోత్సహించెను. ఆ వ్రాతల యాధారమున స్టీవర్డు 1990లో గ్రంథము ప్రకటించి, 1993లో మరణించెను. సాహిత్యపండితుడు గ్రంథములు విడిచి చర్మములు చదివెనని కొందరు పరిహసింపవచ్చును. కాని ఎవరును వ్రాసియుంచని మనుష్యుల కోరికలను వ్రాసియుంచుటలో ఆయనకు పూర్వవిద్యయే తోడ్పడినది.

ఇరువదియొకటవ శతాబ్దిలో ఈ గుర్తులకు క్రొత్త ప్రయోజన మొకటి కలిగినది. స్త్రీలుగా పెంపబడి పురుషులుగా జీవించువారిలో అనేకులు శస్త్రచికిత్సచేత రొమ్ములు తీయించుకొందురు. ఎదపై రెండు పొడవైన మచ్చలు మిగులును. కొందరు వానిని బాహాటముగనే యుంచుకొందురు; మరికొందరు వానిమీదుగా తీగలు, రెక్కలు, చెట్లకొమ్మలు పొడిపించుకొందురు. తాము గైకొన్న క్రొత్తపేరును పొడిపించుకొనువారును గలరు. తలంపు మారినచో గుర్తు మారదు గదా యని హితవు చెప్పువారి మాట కొంతవరకు నిజమే. లేసరు కాంతితో రంగును చెదరగొట్టు ఉపాయమున్నను అది ఖర్చుతో, నొప్పితో, పలుమార్లు చేయవలసిన పని. కాని పుట్టుకనాడు కాగితముపై వ్రాయబడిన లింగముతో ఏండ్లతరబడి పెనగులాడినవారికి తమ చేతులార ఎన్నుకొన్న చెరగని గుర్తు భారముగా తోచకపోవుటలో వింత లేదు.

పనితనపు విషయ మొకటి మిగిలినది. మచ్చపడిన చర్మము రంగును సమముగా పట్టదు; ఒకచోట రంగు పరచుకొనును, మరియొకచోట నిలువనే నిలువదు. అందుచేత శస్త్రచికిత్స జరిగిన పిమ్మట సుమారొక యేడాది వేచి, మచ్చ ఎరుపు తగ్గి మెత్తబడిన తరువాతనే సూది తగిలింపవలెనని అనుభవజ్ఞులగు పనివారు చెప్పుదురు. గీతలు సన్నగా గాక కొంచెము వెడల్పుగా, మచ్చ అంచులను దాటి పోవునట్లు వేసినగాని బొమ్మ నిలువదు.